నోటికి వచ్చే లెక్క పలక మీదికి ఎందుకు రాదు? సంత లెక్క, బడి లెక్క, మధ్యలో దారి

పలకాబలపం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నాలుగు, అయిదు తరగతులకు లెక్కలు చెప్పేవాళ్లకు తెలిసిన చిక్కే ఇది. సంతలో తల్లి పక్కన కూర్చుని టమాటాలు తూచే పిల్లాడిని కిలో 45 అయితే 800 గ్రాములకు ఎంత అని అడిగితే టక్కున 36 అంటాడు. 365 రూపాయల సరుకుకు అయిదొందల నోటిస్తే చిల్లర పైసా తేడా లేకుండా చేతిలో పెడతాడు. అదే పిల్లాడు బడిలో 500 − 365 చేసి 265 అని రాస్తాడు. ఆ జవాబు చూసి వాడికే అనుమానం రాదు.

"పిల్లలకు లెక్కలు రావు" అని రిజిస్టర్లో రాసేస్తాం. రానిది ఏది? తరగతి బయట వచ్చిన చదువును తరగతిలోకి ఎలా తేవాలి? "పిల్లల్ని సంతకు తీసుకెళ్లండి" అన్న ఒక్క మాటతో సరిపెట్టొద్దు. ఏం చేయించాలి, ఎంతసేపు, ఏ సామానుతో, ఎక్కడ బెడిసికొడుతుంది అన్నది రాయండి.

తక్కెడ

ముందు ఆ 265 ఎలా వచ్చిందో చూద్దాం, సగం జవాబు అందులోనే ఉంది. ఒకట్ల స్థానంలో పైన 0, కింద 5. సున్నాలోంచి అయిదు పోదు కాబట్టి పిల్లాడు అయిదులోంచి సున్నా తీసేస్తాడు: 5. పదుల స్థానంలోనూ అంతే: 6. వందల్లో 5 − 3 = 2. ప్రతి నిలువు వరసలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీశాడు. ఇది పరధ్యానంలో జరిగిన పొరపాటు కాదు. పిల్లాడు ఒక నియమం కట్టుకుని దాన్ని నిజాయితీగా పాటించాడు. పది లెక్కలిస్తే పదీ ఇలాగే చేస్తాడు.

సంతలో ఈ తప్పు రాదు, ఎందుకంటే అక్కడ వాడు తీసివేత చేయడం లేదు. 365 దగ్గర నిలబడి పైకి ఎక్కుతున్నాడు: అయిదిస్తే 370, ముప్పై ఇస్తే 400, వంద ఇస్తే 500. చేతిలో పడింది 135. 45 రూపాయల లెక్కలోనూ ఇదే తీరు. 45ను 0.8తో గుణించడు. కిలోలో 200 గ్రాములు తక్కువ, కిలోలో అయిదో వంతు, అంటే 9 రూపాయలు, 45లోంచి తీస్తే 36. రాశిని పట్టుకుని నడుస్తాడు, అంకెను పట్టుకుని కాదు.

ఈ తేడాను పరీక్షగా పెట్టి చూశారు బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో. 1985లో టెరెజిన్యా నూనెస్ కారహర్, డేవిడ్ కారహర్, అనలూసియా ష్లీమన్ అచ్చువేసిన పరిశోధన అది. 9 నుంచి 15 ఏళ్ల మధ్య వయసున్న, వీధుల్లో అమ్ముకునే అయిదుగురు పిల్లలు. మొదట కొనేవాళ్లలా వెళ్లి బండి దగ్గరే అడిగారు: 98.2 శాతం సరైన జవాబులు. తర్వాత అవే అంకెలతో కథలెక్కలు ఇచ్చారు: 73.7 శాతం. ఆ తర్వాత ఉత్త అంకెల లెక్కలు: 36.8 శాతం. అంకెలు మారలేదు, తొడుగు మారింది.

అందులో ఒక లెక్క ప్రతి టీచరూ చూడాల్సింది. కొబ్బరికాయ 35 క్రుజేరోలు (అప్పటి బ్రెజిల్ డబ్బు), నాలుగు కాయలెంత? పిల్లవాడు మూడు కాయల ధర 105 దగ్గర మొదలుపెట్టి, 30 కలిపి 135 చేసి, మిగిలిన 5 కలిపి 140 అన్నాడు. అదే పిల్లవాడికి కాగితం మీద 35 × 4 ఇస్తే: నాలుగు అయిదులు ఇరవై, రెండు మిగులు, రెండూ మూడూ అయిదు, నాలుగు అయిదులు ఇరవై. జవాబు 200. మిగులును గుణించాక కలపాలి, వాడు ముందే కలిపేశాడు. మన నాలుగో తరగతి నోటు పుస్తకాలు తిరగేయండి, ఇదే తప్పు ఇదే రూపంలో దొరుకుతుంది.

నల్లబల్ల

తక్కెడ గారు చెప్పినదానికి ఒక చేర్పు. అయిదుగురు పిల్లలతో చేసింది చిన్న పరిశోధన. ఇదే ప్రశ్నను మన దేశంలో పెద్ద ఎత్తున చూశారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మనస్తత్వవేత్త ఎలిజబెత్ స్పెల్కీ, ఇంకొందరు కలిసి చేసిన పని 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో పనిచేసే 1,436 మంది పిల్లలు, సంత పని తెలియని 471 మంది బడిపిల్లలు. సంత పిల్లలు చిక్కు బేరాలను మనసులో చేసేశారు, బడి తరహా లెక్కల దగ్గర ఆగిపోయారు. ఇంతవరకు ఊహించిందే.

రెండో సగాన్ని మనం పట్టించుకోవాలి. బడిలో చదివే పిల్లలు కాగితం మీది లెక్కలు నయంగానే చేశారు, సంత లెక్క ఇస్తే తడబడ్డారు. అంటే దారి రెండు వైపులా మూసుకుపోయి ఉంది. పేదపిల్లల లోటుగా మాత్రమే దీన్ని చూస్తే తప్పు చేసినవాళ్లమవుతాం. గుణకారం పేజీలకు పేజీలు చేసి, ఏడొందల యాభై గ్రాముల ధర చెప్పలేని పిల్లకు కూడా చదువు సగమే అందింది.

ఐదో_తరగతి

30 మంది ఉన్న తరగతిలో ఎవరు ఏ వైపు ఆగారో కనిపెట్టేదెలా? రాత పరీక్ష పెడితే అందరూ ఒకేలా సున్నా తెచ్చుకుంటారు. నోటితో అడగాలంటే సమయం చాలదు.

తక్కెడ

రెసీఫే పద్ధతినే చిన్నది చేసుకోండి. ఒకే అంకెల జత, మూడు తొడుగులు.

ఒక్కో పిల్లకు నాలుగు నిమిషాలు. మొదటిది బల్ల మీద వస్తువు పెట్టి: "ఈ పెన్సిలు డబ్బా 35 రూపాయలు. నాలుగు కావాలి, ఎంతివ్వాలి?" కాగితం ఇవ్వకండి. రెండోది రెండు రోజుల తర్వాత, చదివి వినిపించే కథలెక్క: ఒక్కో వరసకు 35 మొక్కలు, నాలుగు వరసలు. మూడోది ఉత్త 35 × 4, కాగితం మీద, నోటితో చెబుతూ చేయమనాలి. ఒకే రోజు మూడూ అడిగితే మొదటి జవాబు గుర్తుపెట్టుకుని రాసేస్తారు, అందుకే ఆ ఎడం.

తీసివేతకు 500 − 365, భాగహారానికి 130ని 40తో. అంతకుమించి వద్దు. రోజుకు ఎనిమిది మంది చొప్పున, మిగతావాళ్లు రాసుకునే వేళలో పిలిస్తే, ఒక్కో తొడుగుకు నాలుగు రోజులు. మొత్తం రెండు వారాల పైచిలుకు.

నమోదు చేసేటప్పుడు ఒప్పు, తప్పు అని గీతలు పెట్టకండి. పిల్ల అన్న మాట రాయండి. "105, 135, 140" అని రాసుకుంటే ఆ పిల్ల ఏం చేసిందో వారం తర్వాత కూడా తెలుస్తుంది. చివరికి నాలుగు జట్లు తేలతాయి: నోటికీ రాతకూ వచ్చినవాళ్లు, నోటికి వచ్చి రాతకు రానివాళ్లు, రాతకు వచ్చి నోటికి రానివాళ్లు, రెండూ రానివాళ్లు. రెండో జట్టుకూ నాలుగో జట్టుకూ ఒకే వర్క్‌బుక్ ఇవ్వడమే మన బడుల్లో జరిగే పెద్ద నష్టం. రెండో జట్టుకు సంఖ్య తెలుసు, రాయడం తెలియదు. నాలుగో జట్టుకు సంఖ్యతోనే పనిపడాలి.

అంకెలమ్మ

రెండో జట్టుకు ఏం చేయించాలో నేను రాస్తాను. కాగితం నోట్లతో అంగడి ఆట అందరూ ఆడిస్తారు. చాలాచోట్ల అది ఆటగానే ముగుస్తుంది. కారణం, ఆటకూ నోటు పుస్తకానికీ మధ్య మెట్టు కట్టకపోవడం.

సామాను: నలుగురి జట్టుకు ఒక డబ్బా. అందులో 500 కాగితాలు రెండు, 100వి పది, 10వి ఇరవై, రూపాయివి ఇరవై. ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేసి అంకె పెద్దగా రాస్తే చాలు, విలువకో రంగు. అసలు నోటుకు రంగు జిరాక్సు తీయొద్దు, నోటును పోలిన కాగితం తయారుచేయడం చట్టరీత్యా నేరం.

ఇక్కడ ఒక మెలిక. మన నోట్లు 1, 2, 5 వరసలో నడుస్తాయి: 10, 20, 50, 100, 200, 500. స్థాన విలువ ఒకటి, పది, వంద వరసలో నడుస్తుంది. డబ్బాలో 20, 50, 200 కాగితాలు వేస్తే ఆట సంతలా ఉంటుంది, కానీ నిలువు వరసల తీసివేతకు దారి ఇవ్వదు. అందుకే ఈ పనికి మాత్రం ఒకట్లు, పదులు, వందలు, మార్చడానికి ఒక 500. మిగతావి రెండు వారాల తర్వాత తెచ్చి కలపండి.

మొదటి రోజు పిల్లలు సంతలో చేసినట్టే చేస్తారు. ఒకరు కొంటారు, ఒకరు అమ్ముతారు, ఒకరు బ్యాంకు. నాలుగో పిల్ల లేఖరి. అమ్మేవాడు అన్న మాటలన్నీ ఆ పిల్ల నేలమీద సుద్దముక్కతో గీసిన గీత మీద పెడుతుంది: 365 దగ్గర ఒక చుక్క, 5 గెంతి 370, 30 గెంతి 400, 100 గెంతి 500. గెంతుల మొత్తం 135. నోటి లెక్కకు ఇది మొదటి రాత రూపం. చాలామంది పిల్లలు తాము చేసిన లెక్కను కంటితో చూడటం ఇదే మొదటిసారి అవుతుంది, కాబట్టి తొందరపెట్టకండి. మూడు రోజులైనా పట్టనివ్వండి.

తర్వాత అదే 500, అదే 365, కానీ ఇప్పుడు బిల్లుకు సరిగ్గా సరిపడా ఇవ్వాల్సింది కొనేవాడే. చేతిలో ఒకే 500 కాగితం. 365 ఎలా ఇస్తావు? బ్యాంకుకు పోవాలి. 500 ఇచ్చి అయిదు వందలు తెచ్చుకుంటాడు. ఒక వందను పది పదులు చేస్తాడు. ఒక పదిని పది ఒకట్లు చేస్తాడు. బల్ల మీద ఇప్పుడున్నవి: నాలుగు వందలు, తొమ్మిది పదులు, పది ఒకట్లు. లెక్కపెట్టించండి, అవి ఇంకా 500ఏ. ఇందులోంచి మూడు వందలు, ఆరు పదులు, అయిదు ఒకట్లు ఇచ్చేస్తే మిగిలేది ఒక వంద, మూడు పదులు, అయిదు ఒకట్లు.

అప్పుడు బోర్డు దగ్గరికి. 5 కొట్టేసి 4, మొదటి సున్నా మీద 9, రెండో సున్నా మీద 10. "పక్కింటినుంచి అప్పు తెచ్చుకో" అని మనం చెప్పే మాటకు అర్థం బల్ల మీద పరచి ఉంది. అసలు అప్పు అన్న మాటే వాడొద్దు, తిరిగి ఇచ్చేది లేదు కదా. "విడగొట్టాను" అనండి, "మార్చాను" అనండి.

లెక్కల వరస ముఖ్యం. 80 − 35, తర్వాత 342 − 118, తర్వాత 520 − 365, చివర్లో 500 − 365. వరసగా రెండు సున్నాలున్న లెక్కతో మొదలుపెడితే ఎవరికైనా చిక్కే. ఒక్కో మెట్టుకు ఎనిమిది పది లెక్కలు డబ్బులతో, తర్వాత డబ్బులు పక్కన కనిపిస్తూ, తర్వాత లేకుండా.

పలకాబలపం

చాలా బాగా విడమరిచారు మేడమ్. డబ్బా తీసేశాక పిల్లలు మళ్లీ 265కి పోతే?

అంకెలమ్మ

పోతారు, కొందరు తప్పకుండా పోతారు. డబ్బా తీసింది తొందరగా అయితే పోతారు. రాసేది ఒకరు, డబ్బులు మార్చేది ఇంకొకరు అయి, చేతులు మారకపోయినా పోతారు. లేఖరిని ప్రతి లెక్కకూ మార్చండి.

ఇంకొక పని చేయించండి: 265 వచ్చిన పిల్లను దిద్దకండి. "365 రూపాయల సరుకు, 265 చిల్లర. రెండూ కలిపితే కొన్నవాడు ఎంత నోటిచ్చినట్టు?" అనండి. 630 అని చెప్పగానే ముఖం మారుతుంది. సంతలో ఉన్న కాపలా ఇదే. అక్కడ తప్పు చేస్తే ఎదుటి మనిషి ఊరుకోడు. నోటు పుస్తకంలో ఆ ఎదుటి మనిషి లేడు, వారం తర్వాత ఎర్ర సిరా మాత్రం వస్తుంది. కాబట్టి ప్రతి తీసివేత పక్కనా కలిపి చూసే ఒక వరస రాయించడం అలవాటు చేయాలి.

ఇందూరు_ఎస్జీటీ

భిన్నాల సంగతి ఎవరూ ఎత్తలేదు. మన భాషలోనే సగం పాఠం ఉంది. పావు, అర, ముప్పావు, కిలోంపావు, రెండున్నర, పావు తక్కువ మూడు. ఇవి పిల్లలకు ఇంట్లో వచ్చిన మాటలు. తరగతిలో లవం, హారం, మిశ్రమ భిన్నం అని కొత్త పేర్లతో మొదలుపెడతాం, పాతవాటిని గుమ్మం బయటే వదిలేస్తాం.

ఒక పొడవాటి చార్టు, నాలుగు గళ్లు. మొదటి గడిలో మాట, రెండో గడిలో భిన్నం, మూడో గడిలో గ్రాములు, నాలుగో గడిలో ఎలక్ట్రానిక్ కాటా చూపే అంకె. కిలోంపావు, 1¼, 1250 గ్రాములు, 1.250. పావు తక్కువ మూడు, 2¾, 2750 గ్రాములు, 2.750. నాలుగు గళ్లలో ఒకటే నింపి ఇవ్వండి, మిగతా మూడూ పిల్లలు నింపాలి. ఏ గడి నింపారన్నది రోజూ మార్చండి.

ఎక్కడ తప్పుతుందో చెబుతాను. కూరగాయల దుకాణం కాటాలో సాధారణంగా చుక్క తర్వాత మూడు అంకెలుంటాయి. 1.500, 1.250. పుస్తకంలో 1.5, 1.25 అని వస్తుంది. ఏది పెద్దది అంటే 1.25 అంటారు, 25 పెద్దది కాబట్టి. కాటాలో ఈ అనుమానానికి చోటే ఉండదు. కాబట్టి 1.5 కనబడినప్పుడల్లా "కాటా మీద ఇది ఎలా కనిపిస్తుంది?" అని అడగండి. డబ్బుతో దశాంశాలు మొదలుపెట్టడం ఇంకో గుంత. 2.5 రూపాయలను రెండు రూపాయల అయిదు పైసలుగా చదువుతారు. రూపాయలో చుక్క తర్వాత రెండు అంకెలు దాటి పోలేం కూడా. తూకంతో మొదలుపెట్టి డబ్బుకు రావడం మేలు.

సంత మాటలకు ఒక హద్దుంది, అది కూడా చెప్పాలి. అవన్నీ సగంలో సగాలు. మూడో వంతుకు, అయిదో వంతుకు అలాంటి మాటలు తూకంలో లేవు. 1/3 + 1/4 దగ్గర పావు, ముప్పావు ఏం సాయం చేయవు. అక్కడికి అరటిపళ్ల డజను తెచ్చుకోండి. డజనులో మూడో వంతు నాలుగు పళ్లు, పావు డజను మూడు పళ్లు, కలిపితే ఏడు, అంటే డజనులో 7/12. క.సా.గు. పన్నెండు ఎందుకో పళ్లే చెబుతాయి.

కొలతాడు

పై తరగతుల వాళ్లకు ఒక పని: బడి ఆవరణలో ఒక గుంట నేల గీయడం. తెలంగాణలో పిల్లలు గుంటల్లో మాట్లాడతారు, ఆంధ్రలో సెంట్లలో. ఎకరం 4,840 చదరపు గజాలు. అందులో 40 గుంటలు లేదా 100 సెంట్లు. అంటే గుంట 121 చదరపు గజాలు, రెండున్నర సెంట్లు. గుంట బలే అనుకూలమైన కొలత, ఎందుకంటే 11 గజాలు గుణించు 11 గజాలు, సరిగ్గా 33 అడుగుల చదరం. సెంటు 435.6 చదరపు అడుగులు, దాని చదరానికి భుజం తెగదు, అందుకే గుంటతో మొదలుపెట్టండి.

కావలసినవి నాలుగు మేకులు, 50 అడుగుల టేపు, 36 అడుగుల తాడు. ఆ తాడును మూడేసి అడుగులకు ఒక గుర్తు చొప్పున పన్నెండు భాగాలు చేసి, రెండు కొసలూ కలిపి పట్టుకుని 9, 12, 15 అడుగుల త్రిభుజంగా లాగితే మూలన లంబకోణం వస్తుంది. గుర్తులకు ముడులు వేయొద్దు, ఒక్కో ముడి కొంత పొడవు మింగేస్తుంది. రంగు దారం చుట్టండి. నైలాను తాడు లాగితే సాగుతుంది, నూలుదో కొబ్బరి పీచుదో వాడండి. ఒక్కో భాగం ఒక్క అడుగే పెడితే త్రిభుజం చిన్నదై, మూలన కొద్ది తేడా 33 అడుగుల చివర పెద్ద తేడా అవుతుంది.

నాలుగు వైపులా 33 అడుగులు కొలిచారు కదా అని ఆగొద్దు. కర్ణాలు కొలిపించండి. రెండూ 46 అడుగుల 8 అంగుళాలు రావాలి. సాధారణంగా రావు, అసలు పాఠం అక్కడ మొదలవుతుంది. ఒక కర్ణం 55 అడుగులు వచ్చిందనుకోండి, రెండోది దాదాపు ముప్పై ఆరున్నరే ఉంటుంది. వైశాల్యం కర్ణాల లబ్ధంలో సగం, దాదాపు 1,003 చదరపు అడుగులు. ఉండాల్సింది 1,089. నాలుగు భుజాలూ సరిగ్గా ఉండి 86 చదరపు అడుగులు పోయాయి. రాంబస్ గురించి బోర్డు మీద ఎన్ని బొమ్మలు గీసినా ఇంత గట్టిగా నాటదు.

ఎనిమిదో తరగతికి ఇంకో మెట్టు. వంకర నేల చెక్కను కొలవడానికి ఎదురెదురు భుజాల సగటులు తీసి గుణించే పద్ధతి ఉంది. 628లో బ్రహ్మగుప్తుడు దీన్ని స్థూల ఫలమని చెప్పి, సూక్ష్మ ఫలానికి వేరే సూత్రం ఇచ్చాడు. పిల్లలతో సరిచూడండి. సమాంతర భుజాలు 20, 35 మీటర్లు, వాటి మధ్య నిటారు భుజం 20, ఏటవాలు భుజం 25. సగటుల పద్ధతిలో 27.5 × 22.5 = 618.75. అసలు వైశాల్యం 27.5 × 20 = 550. తేడా 68.75 చదరపు మీటర్లు, సుమారు 82 గజాలు. ఈ పద్ధతి ఎప్పుడు తప్పినా ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు. కొనేవాడికి నష్టమా అమ్మేవాడికా అని అడిగి వదిలేయండి, గంట కొట్టినా లేవరు.

సీమ_సైన్సు

అందరూ చెప్పేవి మంచి పనులే. కానీ ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. "బయటి చదువు గొప్పది" అన్న మాట మన దగ్గర ఎవరి పిల్లల మీద వాడారో మరిచిపోకూడదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ నయీ తాలీమ్ ప్రతిపాదించినప్పుడు, జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్యక్రమం కట్టినప్పుడు, చేతిపనే చదువుకు కేంద్రమని అనుకున్నారు. ఆ ఆలోచనలో బలం ఉంది. కానీ 1953లో మద్రాసు రాష్ట్రంలో, ఆంధ్ర ఇంకా విడిపోకముందే, రాజాజీ ప్రభుత్వం పల్లె ప్రాథమిక బడుల్లో సగంపూట బడి, మిగతా పూట ఇంటి వృత్తి అన్న పథకం తెచ్చింది. కుమ్మరి కొడుకు కుమ్మరిగానే మిగలాలా అని జనం తిరగబడ్డారు. 1954లో కామరాజ్ వచ్చాక అది పోయింది.

కాబట్టి సంతలో కూర్చున్న పిల్లాడి తెలివిని మెచ్చుకుని అక్కడే ఉంచొద్దు. వాడికి బడి ఇవ్వాల్సింది సంత ఇవ్వలేనిదే: 35 × 4 ఎందుకు 140 అవుతుందో ఏ కొబ్బరికాయా లేకుండా చెప్పగలగడం. అది లేకపోతే బీజగణితం దగ్గర తలుపు మూసుకుంటుంది.

నల్లబల్ల

సీమ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. అందుకే మొదటినుంచీ దారి గురించి మాట్లాడుతున్నాం. నోటి లెక్కను రాతలోకి, రాతను మళ్లీ వస్తువులోకి తీసుకెళ్లే దారి. చెట్టుకింద చాప పరచి అదే బోర్డు పాఠం చెబితే గాలి మారుతుంది, చదువు మారదు. గోడల మధ్యే ఉండి అంకెలమ్మ గారు చెప్పిన డబ్బా తెరిస్తే సంత తరగతిలోకి వస్తుంది.

మనకు ఇది కొత్తా కాదు. 1980ల్లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు, మన పాత టీచర్లు ఏపెప్ అని పిలిచేది, ఆరు సూత్రాలు పెట్టింది. పరిసరాలను వాడుకోవడం ఒకటి, చేస్తూ కనుక్కుంటూ నేర్చుకోవడం ఒకటి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ గ్రామీణ కేంద్రం కార్డులు, నేర్చుకునే నిచ్చెన తయారుచేసింది. ఒకే గదిలో నాలుగైదు తరగతులున్న బడిలో కూడా ఒక్కో పిల్ల తన మెట్టు దగ్గర పని చేసుకోవచ్చు. ఇలాంటివి బడికి చేరేటప్పుడు కార్డుల డబ్బా వస్తుంది, కార్డు వెనక ఉన్న ఆలోచన రాదు. పిల్ల కార్డు పూర్తి చేసిందా అని చూస్తారు, ఏం మాట్లాడుతూ పూర్తి చేసిందో వినరు.

దూగోడ

2020 జాతీయ విద్యావిధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచి లేకుండా స్థానిక వృత్తులవాళ్ల దగ్గర గడపాలని ఉంది. ఆ రోజుల్లో ఒకటి వడ్రంగి దగ్గర గడిపితే ఏం చేయాలో రాస్తాను. ఊరికే చూసి వస్తే ఫొటోలే మిగులుతాయి.

ముందురోజు తరగతిలో ఒకే ప్రశ్న: "కర్రను ఎలా కొలిచి ధర కడతారు?" పిల్లలు ఊహించి రాసుకోవాలి, చదరపు అడుగు అంటారు ఎక్కువమంది. అయిదుగురేసి జట్లు, ఒకేసారి రెండు జట్లకు మించి కార్ఖానాలోకి పంపొద్దు. రంపం మిషను ఆపి ఉంచమని ముందే మాట్లాడుకోవాలి. చెప్పులు తప్పనిసరి, నేలమీద మేకులుంటాయి.

అక్కడ చూడాల్సింది దర్వాజాలోని ఒక్క నిలువు కర్ర. దర్వాజాను మన వైపు గుమ్మం అంటాం. మందం 4 అంగుళాలు, వెడల్పు 6 అంగుళాలు, పొడవు 7 అడుగులు అనుకుందాం. వడ్రంగి లెక్క: ఆరు నాలుగులు ఇరవై నాలుగు, ఇంటూ ఏడు 168, భాగించు 144. ఘనపుటడుగు, దానిమీద ఆరో వంతు. 144 ఎక్కడిది అని పిల్లలు అడగాలి. వడ్రంగి "అది అంతే" అనవచ్చు, రోజూ వాడే లెక్కకు కారణం చెప్పాల్సిన అవసరం ఆయనకు పడదు. జవాబు తరగతిలో దొరకాలి. రెండు కొలతలు అంగుళాల్లో ఉన్నాయి, ఒక్కోదాన్ని అడుగు చేయాలంటే 12తో భాగించాలి, 12 గుణించు 12. పొడవు ఇప్పటికే అడుగుల్లో ఉంది. మూడు కొలతలూ అంగుళాల్లో ఉంటే దేనితో భాగించాలి? 1,728. ఈ ప్రశ్న మరుసటి రోజుకు.

తప్పేది ఎక్కడంటే, పదిహేను ప్రశ్నల పట్టిక ఇచ్చి పంపడం. ఒకడు నింపుతాడు, మిగతావాళ్లు బస్సులో చూసి రాస్తారు. ప్రశ్న ఒకటే ఉండాలి, జట్టుకో కర్ర వేరుగా ఉండాలి. అప్పుడు చూసి రాయడానికి ఏమీ ఉండదు.

ఐదో_తరగతి

ఇవన్నీ చేస్తే సిలబస్ సంగతి? తనిఖీకి వచ్చినవాళ్లు వర్క్‌బుక్ పేజీలు చూస్తారు.

తక్కెడ

విద్యాహక్కు చట్టం ప్రకారం అయిదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. రోజుకు నాలుగు గంటలు. ఇందులో వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు డబ్బాకో కాటాకో ఇవ్వండి, మొత్తం ఏడాదికి 27 గంటల లోపే. వర్క్‌బుక్ పేజీని మానేయొద్దు, దాని అంకెలనే ఆటకు వాడండి. పేజీలో 602 − 248 ఉంటే ఆ రోజు అంగడిలో బిల్లు 248. పేజీ నిండుతుంది, వచ్చినవాళ్లకు చూపించడానికి నేలమీది గీతల ఫొటో కూడా ఉంటుంది.

ఫోన్‌పేలో కట్టేచోట చిల్లర చేతులు మారదు, గమనించండి. ఇంటి పిల్లలకు పైకి లెక్కపెట్టే అలవాటు దొరికే చోటు తగ్గుతోంది. మునుపు ఇంటి దగ్గర వచ్చేదాన్ని ఇప్పుడు బడే నేర్పాల్సి వస్తుంది.

పలకాబలపం

మూడో జట్టు మిగిలింది. రాత వచ్చి, నోటికీ వస్తువుకూ రానివాళ్లు. వాళ్లకు?

అంకెలమ్మ

వాళ్లకు తిరుగు ప్రయాణం. లెక్క ఇచ్చి కథ చెప్పమనండి. 45 × 12 ఇస్తే "45 బస్సులను 12 మందికి" అని మొదలవుతుంది, అంకెలకు పొంతన లేని కథ. అప్పుడు ఒకటే అడగండి: 45 దేనికి ధర, 12 వేటి సంఖ్య?

భాగహారంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 130ని 40తో భాగిస్తే 3, శేషం 10. తప్పులేదు. దానికి మూడు కథలివ్వండి. 130 మంది విహారానికి వెళ్తున్నారు, బస్సుకు 40 సీట్లు: నాలుగు బస్సులు. 130 రూపాయలున్నాయి, పుస్తకం 40: మూడు పుస్తకాలు, పది రూపాయలు జేబులో. 130 మీటర్ల తాడును 40 ఇళ్లకు సమానంగా: మూడుంబావు మీటర్లు. రాత ఒకటే, జవాబులు మూడు. మొదటిదానికి "3 శేషం 10 బస్సులు" అని రాసిన పిల్ల పక్కన కూర్చుని, ఆ పదిమంది ఎక్కడ నిలబడ్డారో బొమ్మ గీయమనండి.